ఊపిరి పెట్టెలో పెంకు

"అడుగు" అనే ప్రోగ్రామింగ్ భాష పేరెత్తితే త్రిపురకు ఒళ్ళు మండేది. ముప్పై ఏళ్ళ కిందట విశాఖలో, ఆమె ఇప్పుడు పనిచేస్తున్న ఈ కొండమీది లేబ్‌ను స్థాపించిన పెద్దాయన, ఇంగ్లీషు మాట ఒక్కటీ రానివ్వనని పంతం పట్టి కట్టిన భాష అది. పీల్చు, వదులు, తిరుగు, ఊరికే... మొత్తం కలిపి నలభై ఒక్క మాటలు. అంతా నేర్చుకోవడానికి ఆమెకు ఒక పూట పట్టింది. తిట్టుకోవడానికి మాత్రం మూడు నెలలైనా చాల్లేదు.

లోకంలో ఆ భాషకున్న పని ఒక్కటే, ఊపిరి పెట్టెలు నడపడం. మెదడుకు దెబ్బ తగిలిన కొందరు నిద్రలో ఊపిరి తీసుకోవడం మరిచిపోతారు. మెలకువగా ఉన్నంతసేపూ బాగానే ఉంటారు. కునుకు పడితే చాలు, ఛాతీ కదలడం ఆగిపోతుంది. అలాంటివాళ్ళకు మెడ ఎముక కింద, చర్మం లోపల, అగ్గిపెట్టెంత పెట్టె అమరుస్తారు. అది నిమిషానికి పద్నాలుగుసార్లు నరాన్ని తడుతుంది, తట్టినప్పుడల్లా మనిషి ఊపిరి పీలుస్తాడు. శ్రీకాకుళం నుంచి తుని దాకా అలాంటి పెట్టెలతో బతుకుతున్నవాళ్ళు మూడు వందల పన్నెండు మంది. వాళ్ళందరి ఊపిరీ "అడుగు"లో రాసిన నాలుగు పేజీల ప్రోగ్రాం మీద ఆధారపడి ఉంది.

చిక్కల్లా ఆ పెట్టెల్లోని పాత చిప్పులు ఇక దొరకకపోవడమే. తయారుచేసే ఫ్యాక్టరీ మూతపడి నాలుగేళ్ళయింది, లేబ్ బీరువాలో మిగిలినవి పంతొమ్మిది. మార్కెట్లోకి కొత్తగా వచ్చిన ప్రాసెసర్ పేరు "మొలక". దానికి బ్యాటరీ అక్కర్లేదు, ఒంటి వేడినే కరెంటుగా మార్చుకుని బతుకుతుంది. ఐదేళ్ళకోసారి ఛాతీ కోసి బ్యాటరీ మార్చే బాధ ఉండదు. "అడుగు" భాషను పాత చిప్పు మీంచి దించి మొలక మీదికి ఎక్కించాలి. ఆ పని త్రిపురది.

పాత చిప్పు బుద్ధిగా ఒక్కో అడుగే వేసుకుంటూ పోయేది. ప్రోగ్రాంలో "ఊరికే" అని ఒక వరుస రాస్తే, ఏ పనీ చెయ్యకుండా ఒక్క అడుగుసేపు కూర్చునేది. రెండు ఊపిరుల మధ్య ఎడం కావాలంటే పాతవాళ్ళు "ఊరికే" అన్న మాటను వేలసార్లు తిప్పేవాళ్ళు. మొలక అలా కాదు. దాని లోపల వేల చిన్న గదులు, ఏ గదికి ఏ పని వీలైతే ఆ పని ముందుగానే చేసిపెట్టుకుంటాయి. ఫలితాన్ని మార్చని పని ఏదైనా కనిపిస్తే దాన్ని అవతల పారేస్తాయి. మొదటిసారి ప్రోగ్రాం ఎక్కించి, బల్ల మీదున్న రబ్బరు ఊపిరితిత్తులకు తగిలిస్తే, అవి నిమిషానికి ఆరు వందలసార్లు కొట్టుకుని మూడో నిమిషంలో అతుకు దగ్గర చిరిగాయి.

పక్కనున్న ఇద్దరు ఇంజినీర్లూ బిత్తరపోయారు. త్రిపుర నవ్వింది.

"వీళ్ళు కాలాన్ని గడియారంతో కొలవలేదు, బద్ధకంతో కొలిచారు," అంది.

మర్నాటికల్లా విరుగుడు కనిపెట్టింది. ప్రతి "ఊరికే"నూ మొలకలోని గడియారానికి కట్టేసింది. ఇన్ని "ఊరికే"లంటే సెకనులో ఇంత భాగం, అది గడిచేదాకా కదలకూడదు, అంతే. కొత్త రబ్బరు ఊపిరితిత్తులు పద్నాలుగుకు పద్నాలుగు లెక్కగా ఆడాయి. పక్కనే పాత పెట్టెను పెట్టి నెల రోజులు పోల్చి చూశారు. రెండింటినీ ఒంటి వేడికి సరిగ్గా సరిపోయే నీళ్ళ తొట్టెలో ముంచారు. నీళ్ళు ముప్పై ఏడు డిగ్రీలు దాటకుండా, తగ్గకుండా కాపలా కాశారు. నెలంతా ఒకటే వేడి. ఇంత చదువుకున్న ముగ్గురిలో ఒక్కరికైనా ఆ తొట్టెను ఇంకాస్త వేడిచేసి చూద్దామని తోచలేదు.

పాత పెట్టెలో త్రిపురకు అన్నిటికన్నా ఎక్కువగా నవ్వు తెప్పించినది పెంకు. పెద్దాయన రోజుల్లో, గడియారం నడిపే స్ఫటికాలు బయటి దేశాల నుంచి రాలేదట. దాంతో ఆయన ఏదో మన్నూ మశానమూ కలిపి, బట్టీలో కాల్చి, గోరంత పింగాణీ బిళ్ళ తయారుచేశాడు. అదే చిప్పుకు అడుగుల తాళం వేసేది. లేబ్‌లో అందరూ దాన్ని పెంకు అనేవారు. భాష గురించి ఆయన రాసిపెట్టిన పుస్తకంలో తొమ్మిదో అధ్యాయమంతా ఆ పెంకు కోసం చెప్పుకున్న క్షమాపణే. వేడి తగిలితే పెంకు నిలకడగా ఉండదు, అడుగులు తొందరపడతాయి, ఇది నా చేతగానితనం, మంచి స్ఫటికం దొరికిన రోజు దీన్ని తీసి పారేయండి, అని రాశాడు. ఆ అధ్యాయాన్ని త్రిపుర ఇంజినీర్లకు గట్టిగా చదివి వినిపించింది. పాపం, కనీసం సిగ్గుపడ్డాడు, అంది.

ఆఖరి పరిశీలన సమావేశానికి బోని పైడయ్యను కూడా పిలిచారు. పైడయ్య లేబ్ టెక్నీషియన్. ముప్పై ఏళ్ళుగా బస్సుల్లోనూ సైకిలు మీదా తిరుగుతూ రోగుల ఇళ్ళకు వెళ్ళి, మంచం పక్కన కూర్చుని ఛాతీ చూస్తూ లెక్కపెట్టి, ఒక్కొక్కరి ప్రోగ్రాంలో నాలుగు "ఊరికే"లు కలపడమో తియ్యడమో చేసి వచ్చే మనిషి. నెలలో రిటైరవుతున్నాడు కాబట్టి మర్యాదకు పిలిచారు. మర్యాదకు పిలిచినవాడు మర్యాదగా టీ తాగి పోవాలని అందరి ఉద్దేశం. అతను చెయ్యెత్తాడు.

"మేడమ్, పెంకు తీసీసినారు కదా. జొరాల్లో కష్టమైపోద్దండి. ఒళ్ళు కాలిందంటే పెంకు కూడా కాల్తాది, ఊపిరి జోరందుకుంటాది. మనిసి తట్టుకుంటాడు. కొత్తది అలగే పద్నాలుగే కొట్టుకుంటా ఉంటాది."

డైరెక్టర్ ఫణీంద్ర గడియారం చూసుకున్నాడు. ఆయనకు ఏ విషయమైనా టీ చల్లారేలోగా తేలిపోవాలి.

"పైడయ్యా, పెద్దాయనే అది లోపమని రాసుకున్నాడు. లోపాన్ని పట్టుకొచ్చి మహిమ అంటావేమిటి?" అంది త్రిపుర. "కొలతలున్నాయా నీ దగ్గర? గ్రాఫు గీశావా?"

"గ్రాఫులు నాకు రావండి. పుస్తకాల్లో రాసుకున్నాను."

"దేంట్లో?"

"పిల్లల రూళ్ళ పుస్తకాల్లోనండి."

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. అందరికన్నా ముందు నవ్వినది త్రిపుర. సమావేశం మినిట్స్‌లో ఆమె స్వయంగా రాసింది: టెక్నీషియన్ అభిప్రాయానికి శాస్త్రీయ ఆధారం లేదు. పైడయ్య టీ పూర్తిచేసి, గ్లాసు కడిగి బోర్లించి, వెళ్ళిపోయాడు.

కొత్త పెట్టెను మొదట నలభై మందికి అమర్చాలని నిర్ణయించారు. వాళ్ళలో మొదటివాడు సర్వేశం, త్రిపుర భర్త.

సర్వేశం హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. ఆరేళ్ళ కిందట మెదడువాపు వచ్చి బతికి బయటపడ్డాడు కానీ, నిద్రలో ఊపిరి మరిచే జబ్బు మాత్రం మిగిలింది. త్రిపుర పెద్ద ఉద్యోగం వదులుకుని ఈ లేబ్‌లో చేరింది ఆ పెట్టె కోసమే. ఆ సంగతి ఎవరికీ చెప్పేది కాదు. ఎవరైనా జాలి చూపిస్తే ఆమెకు నచ్చదు, జాలిపడేవాళ్ళకు లెక్కలు రావని ఆమె నమ్మకం.

"పాతది బాగానే ఉంది కదా త్రిపురా, నాలుగేళ్ళ బ్యాటరీ ఇంకా ఉంది," అన్నాడు సర్వేశం, గుమ్మంలో కూర్చుని పిల్లల డ్రాయింగులకు మార్కులు వేస్తూ.

"పాతది తుక్కు. మీ ఛాతీలో పెంకుముక్క పెట్టుకుని తిరుగుతున్నారు."

"ఆరేళ్ళుగా ఆ పెంకుముక్కే కదా లాక్కొచ్చింది."

"నేను రాసినదాని మీద నమ్మకం లేదా మీకు?"

అతను ఎర్ర పెన్సిలు చెవి వెనక దోపుకుని ఆమెను చూశాడు. "అది కాదు. నువ్వు దేన్నైనా అంత గట్టిగా ఈసడిస్తే నాకు భయమేస్తుంది. అంతే." మర్నాడు ఆసుపత్రికి వెళ్ళి బుద్ధిగా బల్ల మీద పడుకున్నాడు.

నలభై మందికీ పెట్టెలు మార్చడం వేసవిలో పూర్తయింది. ఫణీంద్ర శాలువా కప్పించుకున్నాడు. అతను "అడుగు"లో ఒక్క వరుస రాసి ఎరగడు, చదివీ ఎరగడు, అయినా శాలువా భుజం మీంచి జారనివ్వలేదు.

వానలతో పాటే జ్వరాలు వచ్చాయి, విశాఖకు అది ఏటా మామూలే. జూలైలో అనకాపల్లి దగ్గర ఒక టైలరు నిద్రలో పోయాడు. ఆగస్టు మొదట్లో భీమిలి అవతల, సముద్రం ఒడ్డున, వలలు బాగుచేసే మైలపల్లి ఎర్రన్న. మరో పది రోజులకు పద్మనాభంలో పదో తరగతి చదివే పిల్ల. ముగ్గురికీ జ్వరాలున్నాయి, ముగ్గురికీ కొత్త పెట్టెలున్నాయి.

పెట్టెలు తెప్పించి త్రిపుర స్వయంగా విప్పింది. లోపల ప్రతి తట్టూ నమోదై ఉంది. ఆఖరి నిమిషం దాకా నిమిషానికి పద్నాలుగు, వెంట్రుకవాసి తేడా లేదు. ఆమెకు గర్వంగానే అనిపించింది, ఆ మాట దాచి లాభం లేదు. మూడు రిపోర్టులూ ఒకే నమూనాలో రాసింది: యంత్రం ఏ దోషమూ లేకుండా పనిచేసింది. జ్వరం ముదిరేదాకా ఇంట్లో ఉంచి, ఆసుపత్రికి తీసుకురావడంలో కుటుంబం ఆలస్యం చేసినందువల్ల మరణం సంభవించింది. నియమం ప్రకారం ఒక్కో ప్రతిని ఇంటివాళ్ళకు పంపారు.

"జ్వరాన్ని ఇంట్లో పెట్టి పూజ చేస్తారు ఈ జనం," అంది ఆ రోజు భోజనాల దగ్గర. సర్వేశం తలెత్తకుండా అన్నం కలుపుకున్నాడు.

సెప్టెంబరులో అతనికీ జ్వరం వచ్చింది. శనివారం బడి నుంచి ఒంటిగంటకే ఒళ్ళు నొప్పులంటూ వచ్చి పడుకున్నాడు. నూట మూడు ఉంది. త్రిపుర మాత్ర ఇచ్చి, ఫ్యాను తగ్గించి, లేబ్ టాబ్లెట్‌లో అతని పెట్టె లెక్క చూసింది. పద్నాలుగు. నిద్రపోతున్నాడు, నిద్ర మంచిదే. పక్క గదిలో కూర్చుని పని చేసుకుంది. మూడింటికి వచ్చి చూసింది. పద్నాలుగు. నిద్రపోతూనే ఉన్నాడు.

నాలుగింటికి కాఫీ తీసుకొచ్చి లేపింది. లేవలేదు. భుజం కుదిపితే కళ్ళు సగం తెరిచి, "తెల్లరంగు అయిపోయింది," అన్నాడు. మళ్ళీ మూసుకున్నాడు. మొహం ఎర్రగా పొంగి ఉంది, పెదాలు మాత్రం నీలంగా ఉన్నాయి. నాడి పట్టుకుంటే నూట ఇరవై ఎనిమిది. ఇంకోసారి కుదిపితే ఈసారి కళ్ళు కూడా తెరవలేదు.

ఆమె టాబ్లెట్ చూసింది. పద్నాలుగు. ఛాతీ చూసింది. ఒళ్ళు కుంపటిలా కాలుతోంది, నాడి పరిగెడుతోంది, ఆ ఛాతీ ఒక్కటి మాత్రం ఏ తొందరా లేకుండా, ఆఫీసులో గుమాస్తాలా, తన వంతు వచ్చినప్పుడే లేస్తోంది. అప్పుడు ఆమెకు అర్థమైంది. పైడయ్య అంత చిన్న మాటల్లో చెప్పిన సంగతి, మూడు పెట్టెలు విప్పి చూసినా ఎక్కనిది, ఇప్పుడు ఎక్కింది.

జ్వరంలో ఒళ్ళు ఎక్కువ మండుతుంది, చెడుగాలి ఎక్కువ తయారవుతుంది. మామూలు మనిషైతే రొప్పుతూ దాన్ని బయటకు తోసేస్తాడు. పెట్టె రొప్పనివ్వదు. చెడుగాలి లోపలే పేరుకుని మత్తు కమ్ముతుంది, మత్తు కమ్మేకొద్దీ సొంత ఊపిరి తగ్గి మొత్తం భారం పెట్టె మీదే పడుతుంది. పెట్టె పద్నాలుగు దాటదు. చూసేవాళ్ళకు మనిషి హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటుంది. పాత పెట్టెలో పెంకు కూడా ఒంటితో పాటే కాలేది, అడుగులు తొందరపడేవి, "ఊరికే"లు త్వరగా తరిగిపోయేవి, పద్నాలుగు పదహారయ్యేది, పద్దెనిమిదయ్యేది. ముప్పై ఏళ్ళపాటు ఎవరూ చెప్పకుండా, ఎవరికీ తెలియకుండా, ఆ పింగాణీ ముక్క చేసినది డాక్టరు పని. దాన్ని తయారుచేసినవాడు సిగ్గుతో చచ్చాడు. దాన్ని తీసేసినది తను.

అంబులెన్సుకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టి, అతని ప్రోగ్రాం తెరిచింది. ఒక్కో ఊపిరికీ ఐదు వేల "ఊరికే"లు ఉన్నాయి. రెండుసార్లు తప్పు కొట్టింది. మూడు వేల ఏడు వందలు చేసింది. ఛాతీ ఒక్క క్షణం తడబడి, గబగబా లేవడం మొదలుపెట్టింది. పంతొమ్మిది. ఆమె మంచం పట్టె పట్టుకుని కింద కూర్చుంది. కొంతసేపటికి అతని పెదాల నీలం తగ్గింది. అంబులెన్సు వచ్చే సమయానికి అతను కళ్ళు తెరిచి, ఆమె ఎందుకు నేల మీద కూర్చుందని అడిగాడు.

ఇంకో గంట అలాగే ఉంటే లేచేవాడు కాదని ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది. "మీరు కనిపెట్టారు కాబట్టి సరిపోయింది. అదృష్టవంతుడు," అంది. త్రిపుర ఆ మెప్పును మింగలేక మొహం తిప్పుకుంది. తన ఇంట్లో లేబ్ టాబ్లెట్ ఉంది, ప్రోగ్రాం తెరిచే తాళం చేతిలో ఉంది, భాష నోటికి వచ్చు. ఎర్రన్న ఇంట్లో ఏముంది? ఆమెకు తన మీద కలిగిన అసహ్యం ఇంతకు ముందు ఎవరి మీదా కలగలేదు, ఫణీంద్ర మీద కూడా.

వరండాలోంచే ఇంజినీర్లిద్దరికీ ఫోన్ చేసింది. మిగిలిన ముప్పై ఆరు మందికీ ఆ సాయంత్రంలోగా కబురు వెళ్ళింది. ఏ కాస్త జ్వరమున్నా ఆసుపత్రిలో చేరమన్నారు. అప్పటికే ఇద్దరు జ్వరంతో పడుకుని ఉన్నారు, వాళ్ళ పెట్టెల్ని దూరం నుంచే సరిచేశారు. ఇద్దరూ బతికారు.

సోమవారం ఫణీంద్ర అంతా విని, వేళ్ళు ముడివేసుకుని ఆలోచించాడు. ఆలోచిస్తే అతనికి ఎప్పుడూ మాటలే దొరుకుతాయి.

"దీన్ని లోపం అనకూడదండీ త్రిపురగారూ. జ్వర స్పందన అని కొత్త సదుపాయం చేరుస్తున్నామని ప్రకటిద్దాం. పాత యంత్రాల్లో లేనిదన్నమాట."

"పాత యంత్రాల్లో ఉంది. మనం తీసేశాం."

"అది ఎవరికి తెలుసు?"

"ముగ్గురు పోయారండి. ఆ రిపోర్టులు తప్పు. మార్చి రాస్తున్నాను, నా సంతకంతో."

"రాయండి. కానీ బయటకు ఎందుకు? పోయినవాళ్ళు తిరిగొస్తారా? మీవారు కులాసాగా ఉన్నారు కదా," అన్నాడు ఫణీంద్ర, ఎంతో ఆప్యాయంగా. ఆమె అతని మొహంలోకి చూసింది. అక్కడ చెడ్డతనం ఏమీ కనిపించలేదు, ఏమీ లేదు అసలు. ఇన్నాళ్ళూ ఇతన్ని తక్కువగా చూస్తూ, తానేదో ఎక్కువనుకుంది. మినిట్స్‌లో ఆ వాక్యం రాసినది ఇతను కాదు. ఆ రోజుకు సెలవు చీటీ ఇచ్చి లేచింది.

కొత్త ప్రోగ్రాం రాయడం కష్టం కాదు. మొలక ఒంటి వేడి తినే బతుకుతుంది, ఒళ్ళు ఎంత కాలుతోందో దానికి నిమిషనిమిషమూ తెలుసు. అడిగినవాళ్ళే లేరు. ఎన్ని డిగ్రీలకు ఎన్ని ఊపిరులు పెంచాలన్నదే ప్రశ్న. పెంకు ఎంత వేడికి ఎంత తొందరపడేదో లేబ్‌లో ఎక్కడా కొలతలు లేవు. లోపాన్ని ఎవరూ కొలవరు, కప్పిపెడతారు. కొలిచినవాడు ఒక్కడే ఉన్నాడు.

కంచరపాలెంలో పైడయ్య ఇల్లు వెతికి పట్టుకునేసరికి పదకొండయింది. అతను ఇంటి ముందు గట్టు మీద కూర్చుని టేబుల్ ఫ్యాను విప్పి తుడుస్తున్నాడు. ఆమెను చూసి లేవలేదు, పక్కకు జరిగాడు.

"కూకోండి మేడమ్. మాస్టారు ఎలగున్నారు?"

"బాగున్నారు. పైడయ్యగారూ, మీరు చెప్పిందే జరిగింది."

"ఇన్నాను."

లోపలికి వెళ్ళి అట్టలు ఊడిన రూళ్ళ పుస్తకాలు పదకొండు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. పేరు, ఊరు, జ్వరం ఎంత, ఊపిరులు ఎన్ని, ఆ రోజు మనిషి ఎలా ఉన్నాడు. ముప్పై ఏళ్ళ జ్వరాలు. మలేరియాకు వేరే, టైఫాయిడుకు వేరే. పసిపిల్లల పేజీలకు మూల మడిచి పెట్టాడు. గ్రాఫు ఒక్కటే లేదు. ఆమె పేజీలు తిప్పుతూ ఉండిపోయింది. ఏ కాలేజీలోనైనా ఇది ఒక మనిషి జీవితకాలపు పరిశోధన అనిపించుకునేది.

"నేను ఆ రోజు నవ్వాను," అంది చివరకు.

"నవ్వీవోళ్ళని శానామందిని సూసినాను. దానికేటీ నేదండి." పైడయ్య ఫ్యాను రెక్కను గుడ్డతో తుడిచాడు. "ఆ కాయితమే ఏటండి అది? ఆలీసెం సేసినారని రాసీసినారు. ఎర్రన్నకి జొరమొచ్చిన రోజు, మనిసి నిద్దరోతన్నాడు కదాని ఆడి పెళ్ళాం నూకాలు ఈదిలో పిల్లల్ని అల్లరి సెయ్యొద్దని తరిమిందంట. ఇప్పుడు ఆళ్ళత్త, నా కొడుకుని నిద్దర్లో సంపీసిందంతంది. ఆ కాయితం దేవుడి పటం ఎనకాల ఎట్టి అందరికీ సూపిత్తంది. ఈదిలో ఒకలూ ఆ పిల్లతో మాటాడ్రు. కొత్త పోగ్రాం రాసుకోండి, మంచిదే. ముందర ఎల్లి ఆ కాయితం తీయించీండి."

ఆ వారంలోనే ఆమె "అడుగు" భాషకు నలభై రెండో మాట కలిపింది. ఒళ్ళు కాలేకొద్దీ "ఊరికే"లను తగ్గించే మాట. పైడయ్య పుస్తకాల ప్రకారం తగ్గిస్తుంది. ఏం పేరు పెడదామని ఇంజినీర్లు అడిగితే పెంకు అని పెట్టమంది. ఈసారి నీళ్ళ తొట్టెను నలభై ఒకటి దాకా కాచి చూశారు. రబ్బరు ఊపిరితిత్తులు రొప్పాయి. ఆ రొప్పు వింటూ ఇంజినీర్లిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు నొక్కుకున్నారు. త్రిపుర చూడలేక బయటకు వచ్చేసింది.

శనివారం పొద్దున మార్చిన రిపోర్టు సంచిలో పెట్టుకుని ఎర్రన్న ఊరికి బయల్దేరింది. సర్వేశం తోడు వస్తానన్నాడు, వద్దంది. బతికున్న మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆ గుమ్మం ఎక్కడం ఆమె వల్ల కాదు.

నూకాలు ఇంటిముందు ఇసకలో పరిచిన ఎండుచేపల్ని తిరగేస్తోంది. ముప్పై దాటని మనిషి. లేబ్ నుంచి వచ్చానంటే లేవకుండానే తలెత్తి చూసింది. త్రిపుర దార్లో అనుకుంటూ వచ్చిన మాటల్ని చెప్పింది. పెట్టె మార్చినప్పుడు ఒక పొరపాటు జరిగిందని, జ్వరంలో అది సరిగా పనిచెయ్యలేదని, రిపోర్టును సవరించామని. కాగితం చాపింది. నూకాలు కాగితం అందుకోలేదు.

"పెట్టి మార్సకపోతే బతికుండీవోడా?"

"ఉండేవాడు."

"నాను ముందరే ఆస్పత్రికి తీసుకెల్తే?"

"నిద్రపోతున్నట్టే ఉంటుందమ్మా. ఎవరికీ తెలీదు. నాకే తెలీలేదు."

నూకాలు చేతిలో ఉన్న చేపను తిరగేసి ఇసకలో పెట్టింది. ఏడవలేదు. చేతులు పైటకు తుడుచుకుని లేచింది.

"నాకు సెప్పి ఏటి లాబం. రండి."

వీధికి అవతల, మూడిళ్ళ తర్వాత, నీడలో నలుగురు ఆడవాళ్ళతో కూర్చుని ఒక ముసలామె వల అల్లుతోంది. నూకాలును చూసి ఆడవాళ్ళు మాటలాపి మొహాలు తిప్పుకున్నారు. ముసలామె తలెత్తలేదు.

"మాయత్త. ఆయమ్మకి సెవుడు," అంది నూకాలు. "గట్టిగా సెప్పండి."

త్రిపుర ముందుకు వంగి, "అమ్మా, యంత్రంలో పొరపాటు జరిగింది," అంది.

ముసలామె చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఎవల్ది పొరపాటు?" అంది నూకాలు పక్కనుంచి. "అది సెప్పండి."

"మా లేబ్‌ది."

"లేబు కాదు. మీ పేరు సెప్పండి."

త్రిపుర జీవితంలో ఎప్పుడూ గొంతెత్తి అరిచిన మనిషి కాదు. ఆమెకు అరవాల్సిన అవసరం రాలేదు. నెమ్మదిగా ఒక్క మాట అంటే ఎదుటివాళ్ళు చిన్నబోయేవారు. ఇప్పుడు ఒకసారి దగ్గి, ఊపిరి పీల్చుకుని అరిచింది.

"నా పేరు త్రిపుర. మీ అబ్బాయి పెట్టెలో తప్పు చేసింది నేను. ఒకాయన ముందే చెప్పాడు, నేను వినలేదు. మీ కోడలు ఆలస్యం చెయ్యలేదు. ఆ కాగితంలో రాసింది అబద్ధం. రాసింది నేనే."

గుడిసెల్లోంచి మనుషులు బయటకు వచ్చారు. ముసలామె పక్కనున్న ఆడమనిషిని ఏటంతంది అని అడిగింది. ఆ మనిషి చెప్పబోతే నూకాలు చెయ్యి అడ్డం పెట్టి ఆపి, త్రిపుర వైపు చూసింది. త్రిపుర మళ్ళీ అరిచింది. ఈసారి గొంతు చీలింది. ముసలామె వల ఒళ్ళోకి జార్చి, కోడల్ని చూసింది, నూకాలు పాదాల దగ్గర్నుంచి మొహం దాకా. 

త్రిపుర కాగితం ఆమె ఒళ్ళో పెట్టి, సంచి భుజానికి తగిలించుకుని వెనక్కి తిరిగింది. నూకాలు దారికి అడ్డంగా నిలబడి ఉంది.

"ఆ సివరిల్లు దాకా ఇనబళ్ళేదండి," అంది. "అక్కడికి నడండి."

త్రిపుర ఆమె వెనకే నడిచి, వీధి చివర నిలబడి, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.